తెర మీద గీతల ఆట

పొయ్యిలోకి పిప్పి రోంత తొయ్యండి. ఈ పెనంలో బెల్లం పాకానికి రావాలంటే ఇంకా చానా సేపు పడుతుంది. మొగిలి కనమ పక్క నుంచి గాలి తిరిగింది, చలి దిగతా ఉంది. రా పాపా, ఇట్లా మంట కాడికి జరుగు.

పొద్దుగూకినప్పుడు నువ్వు ల్యాప్‌టాపులో వేసి చూపించిన సినిమాకి మీ మామ ఏమన్నాడో నేను విన్నా. "కత లేదు, మనిషి లేడు, గీతలు అటూ ఇటూ పోతా ఉండాయి. దీన్ని నేర్చుకునేదానికా అంత దూరం పోయి చదివేది?" అన్నాడు. నీ మొహం చిన్నబోయింది. మామ అడిగిందాంట్లో తప్పేమీ లేదమ్మా. దానికి జవాబు చెప్పాల. ముప్ఫై ఏండ్లు పిల్లకాయలకు డ్రాయింగు చెప్పినోణ్ణి, అంతకుముందు టూరింగ్ టాకీసులో రీళ్ళు చుట్టినోణ్ణి, ఈ సంగతి నాకు చానా ఇష్టమైంది. మామను కూడా ఇట్లా పిలువు. గానుగ ఆపేసినారు గదా, వింటాడు.

నా చిన్నప్పుడు వానలు మొహం చాటేస్తే ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడించేది. విరాటపర్వం ఆడిస్తే వాన పడతాదని నమ్మకం. బొమ్మలోళ్ళు బండి కట్టుకుని, పెట్టెలేసుకుని వచ్చేవాళ్ళు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది మరాఠీ మాదిరి మాట, తెర వెనక నోరు తెరిస్తే మాత్రం మంచి తెలుగు పద్యం. రెండు తెల్ల పంచెలు ముళ్ళతో గుచ్చి కలిపి, వెదుళ్ళకు బిగించి తెర కట్టేది. దాని వెనక ఆముదం దీపాలు. మేకతోలు గీకి గీకి, వెలుగు దూరేంత పల్చన చేసి, దానికి రెండు పక్కలా రంగులు పూసి, నగలు ఉండే చోటల్లా చిన్న చిన్న బెజ్జాలు కొట్టి ఉంటారు. అందుకే మన బొమ్మల నీడ నల్లగా ఉండదు. ఎర్ర నీడ, పచ్చ నీడ పడతాది. బెజ్జాల కాడ దీపం చుక్కలు చుక్కలుగా మెరుస్తాది.

కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం కీచకవధ కోసం నిద్ర పట్టేది కాదు. ఏంటికో చెప్తా విను. బొమ్మను తెరకు ఆనించి పెడితే అంచులు కత్తితో కోసినట్టు కనపడతాయి. రోంత వెనక్కి, దీపం పక్కకు లాగితే బొమ్మ పెద్దదైపోయి, అంచులు కరిగిపోయి, రంగు ఒక్కటే మిగులుతాది. భీముడు, కీచకుడు కలబడేటప్పుడు ఆ బొమ్మలాయన రెండు బొమ్మల్నీ తెరకు కొడతా, వెనక్కి లాగతా, గిర్రున తిప్పతా ఉంటే, కాళ్ళ కింద చెక్కలు టపటపా మోగతా ఉంటే, తెర మీద భీముడూ లేడు, కీచకుడూ లేడు. ఎర్ర చారలు, పచ్చ చారలు, చీకటి, మళ్ళా వెలుగు. అంతే. ఆ కాసేపూ ఊరంతా ఊపిరి బిగబట్టి చూసేది. ఒక్కరన్నా "నాకు అర్థం కాలేదు" అని లేచిపోలేదు.

మామా, నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "అక్కడ కత ముందే తెలుసు గాబట్టి ఆ చారలు చూసి ఇది భీముడి దెబ్బ అనుకున్నాం, ఇక్కడ కతే లేదు గదా" అంటావు. ఆ మాట పక్కన పెట్టుకో, మరిచిపోవద్దు. దాని కాడికే వస్తా.

తరవాత టెంటు సినిమాలు వచ్చినాయి. రోడ్డు పక్కన బయలు జాగాలో డేరా వేస్తే నేల టికెట్టుకు ఇసకలో కూర్చునేది. ఆపరేటరు కాడ నేను చేరినా. జీతం ఏమీ లేదు, సినిమా ఊరికే చూడొచ్చు, అదే జీతం. కార్బన్ కడ్డీలు మార్చేది, రీళ్ళు వెనక్కి చుట్టేది, తెగిపోతే ఫిల్ము గీకి సిమెంటు పూసి అతికించేది. అట్లా ఫిల్ము చేత్తో తాకి, కన్ను కాడ పెట్టుకుని చూసినోళ్ళకు ఒక సంగతి తెలుస్తాది. దాంట్లో కదిలేది ఏమీ లేదు. ఒక అడుగు ఫిల్ములో పదహారు బొమ్మలు, అన్నీ గమ్మున నిలబడి ఉంటాయి. సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు, అంటే ఒకటిన్నర అడుగు ఫిల్ము, కిటికీ ముందర ఆగి ఆగి పోతాది. బొమ్మ మారేటప్పుడు రెక్క ఒకటి అడ్డం వచ్చి వెలుతురును ఆపేస్తాది. కాబట్టి తెర మీద కదలిక అనేది మన కంటిలో, మన బుర్రలో తయారైంది. రామారావు పరిగెత్తినా అంతే, ఒక గీత పక్కకు జరిగినా అంతే.

తెగిన ముక్కలు ఆపరేటరు నాకే ఇచ్చేసేవాడు. ఎగిరిపోయిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, గోడ మీద పంచె కట్టి మా సినిమా మేమే వేసుకునేది. ఒకసారి సూదితో ఆ ముక్క మీద గీకితే పంచె మీద తెల్లటి గీత పడింది. హీరో మొహం మీద అడ్డంగా, హీరో కంటే బాగా మెరుస్తా. ఆ గీతను చూసిన సంబరం నాకు ఇప్పటికీ ఉంది. పాత కాపీలు వచ్చినప్పుడు తెర మీద నిలువు గీతలు జారతా ఉంటే జనం "వాన పడతా ఉంది" అనేవాళ్ళు గదా. ఫిల్ము అంచున శబ్దం దారి కూడా చూసినా. సన్నటి పట్టీలో రంపం పళ్ళ మాదిరి ఎగుడుదిగుళ్ళు. పాటకు ఒక తీరు, మాటకు ఒక తీరు. దాని మీద గీత పడితే స్పీకర్లో టక్కుమనేది. అంటే శబ్దం కూడా బొమ్మే!

ఇంత దూరంలో కూర్చుని మేము చూసిన ఆ వాన గీతల్నే ఒకాయన సినిమాగా తీసినాడని నాకు తెలిసింది చానా ఏండ్లకు. ఆయన నార్మన్ మెక్‌లారెన్. పుట్టింది స్కాట్లాండు, పనిచేసింది కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో. 1950ల మొదట్లో యునెస్కో పని మీద మన దేశానికి కూడా వచ్చి పోయినాడు. ఫిల్ము అంచున ఆ శబ్దం పట్టీ మీద చేత్తో గీతలు గీసి, ఏ వాయిద్యమూ లేకుండా సంగీతం పుట్టించినాడు. 1971లో "సింక్రొమీ" అని తీసినాడు. దాంట్లో మనకు వినపడే శబ్దానికి ఏ ఆకారం ఉందో అదే రంగులేసి తెర మీద చూపిస్తాడు. వినేదీ చూసేదీ ఒకటే గీత.

నువ్వు సాయంత్రం వేసిందాని తోడబుట్టినవి మూడు ఉండాయి పాపా. మామకు వాటిని గురించి చెప్పాల. 1960లో మెక్‌లారెన్, ఆయనతో పనిచేసిన ఎవెలిన్ లాంబార్ట్ అనే ఆమె కలిసి "లైన్స్ వర్టికల్" చేసినారు. కెమెరా లేదు. నల్లటి ఫిల్ము తీసుకుని, స్కేలు ఆనించి, మొనతో దాని పొడుగునా గీత గీకినారు. గీత ఫిల్ముతో సమంగా నిట్టనిలువుగా పోతే తెర మీద కదలకుండా నిలబడతాది. రోంత వాలుగా గీస్తే, ఒక బొమ్మలో ఇక్కడ, తరవాత బొమ్మలో వెంట్రుక వాసి పక్కన, ఇట్లా పోతా పోతా తెర మీద నిదానంగా పక్కకు నడుస్తాది. వాలు ఎక్కువైతే పరుగు. అంటే స్కేలును ఎంత వాలిస్తే అంత వేగం, దాన్ని నిర్ణయించేది ఆ చెయ్యే. సెకనుకు ఒకటిన్నర అడుగు లెక్కన ఆరు నిముషాల సినిమాకు అయిదొందల నలభై అడుగుల ఫిల్ము. అంత పొడుగునా చెయ్యి వణక్కుండా గీకాల. ఒక గీత వస్తాది, రెండవుతాది, నాలుగవుతాది, దాటుకుంటాయి, దూరం పోతాయి, మళ్ళా ఒక్కటే మిగులుతాది.

రెండేండ్లకు, 1962లో, అదే సినిమాను తీసుకుని ఒక్కో బొమ్మనూ తొంభై డిగ్రీలు తిప్పి మళ్ళా అచ్చువేసినారు. నిలువు గీతలు అడ్డం పడుకున్నాయి. దాని పేరు "లైన్స్ హారిజాంటల్". దానికి పీట్ సీగర్ సంగీతం ఇచ్చినాడు. గీత మారలేదు, కదలిక మారలేదు. కానీ చూస్తే వేరే సినిమా! నిలువు గీతలు పక్కకు పోయేటప్పుడు నాకు దూరం కనపడింది, స్తంభాల నడిమి నడిచి పోతా ఉన్నట్టు. అవే అడ్డంగా పైకీ కిందికీ పోయేటప్పుడు బరువు కనపడింది. కిందికి దిగే గీత పడిపోతా ఉంది, పైకి పోయేది లేస్తా ఉంది. ఏంటికట్లా? మనం భూమ్మీద నిలబడినోళ్ళం. కిందికి పోవడమంటే పడ్డమని, అడ్డగీత అంటే దూరాన భూమీ ఆకాశం కలిసే చోటని మన ఒంటికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ తెలిసిందాన్నే ఆ గీత తట్టి లేపతాది.

మామా, నువ్వు పక్కన పెట్టుకున్న మాట ఇప్పుడు తీసుకో. కీచకవధలో ఆ చారలకు భారతం ఆసరా. ఈ గీతలకు ఏదీ ఆసరా అని గదా నీ ప్రశ్న? నీ ఒళ్ళే ఆసరా. నీ నడక, నీ ఊపిరి, నువ్వు ఎత్తిన బరువు, జారిపడిన గట్టు. భీముడు ఎవురో తెలియని మనిషి కూడా ఆ కలబడే చారలు చూస్తే అక్కడేదో గట్టి దెబ్బ తగిలిందని చెప్తాడు.

మూడోది ఇంకా వింత. 1965లో "మొజాయిక్". నిలువు సినిమానూ అడ్డం సినిమానూ ఒకదాని మీద ఒకటి పెట్టి, గీతలు దాటుకునే చోటు మాత్రం మిగిల్చి తక్కినదంతా తీసేసినారు. మిగిలింది చుక్కలు. నాలుగు నిలువు గీతలు, నాలుగు అడ్డగీతలు ఉంటే పదహారు చుక్కలు. చుక్కలు పరిగెత్తుతాయి, విడిపోతాయి, గుంపుగా చేరుకుంటాయి. వాటిని నడిపించే గీతలు మనకు కనపడవు, అయినా అవి అక్కడ ఉండాయని మనసుకు తెలుస్తా ఉంటాది. మూడు సినిమాలూ వరసగా చూస్తే ఒక మనిషి ఒక ఆలోచనను ఎంత దూరం తీసుకుపోగలడో అర్థమైతాది. మొదటిది చూడకుండా మూడోది చూపించి "ఇదేంది చెప్పు" అంటే ఎవురికైనా కష్టమే. అందుకే మామకు ముందు మొదటిది చూపించు.

మన దేశంలో ఇట్లాంటివి లేవా అంటే, సర్కారు డబ్బుతోనే తీసినారు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టినారు. అప్పట్లో టాకీసుకు లైసెన్సు కావాలంటే ప్రతి ఆటకూ ముందర వాళ్ళ రీలు వెయ్యాల్సిందే. తెలుగులో కూడా మాట చేర్పించి పంపేవాళ్ళు. మా టెంటులో "న్యూస్ రీలు" అనగానే జనం బయటికి పోయి బీడీ కాల్చుకుని వచ్చేవాళ్ళు. నేను మాత్రం లోపలే ఉండేది, కార్టూను ముక్క ఏదన్నా ఉంటాదేమో అని. ఆ ఫిల్మ్స్ డివిజన్‌లో ప్రమోద్ పతి అని ఒరిస్సా ఆయన ఉండినాడు. ప్రాగ్ పోయి, బొమ్మల సినిమాలో గొప్పోడైన యిరీ త్రన్‌కా కాడ నేర్చుకుని వచ్చినాడు. 1968లో "ఎక్స్‌ప్లోరర్" తీసినాడు. పిల్లకాయల ఆట, గుడి, యంత్రం, అక్షరం, అన్నీ రెప్పపాటులో వచ్చి పోతా, ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటా ఉంటాయి. 1972లో "ఆబిద్". చిత్రకారుడు ఆబిద్ సుర్తీని ఒక గదిలో పెట్టి, ఒక్కో బొమ్మకూ రోంత జరగమని చెప్పి తీసినారు. మనిషి అడుగు వెయ్యకుండానే జారతా పోతాడు, గోడ నిండా రంగులు వాటంతట అవే పుడతాయి. మెక్‌లారెన్ 1952లో "నైబర్స్" అనే సినిమాకు ఇదే పద్ధతి వాడినాడు, దానికి ఆస్కార్ వచ్చింది. పతి నలభై మూడేండ్లు దాటకుండానే 1975లో పోయినాడు. ఆయన బతికి ఉంటే మన దేశపు బొమ్మల సినిమా ఇంకో దారి తొక్కి ఉండేదని నేను గట్టిగా నమ్ముతా.

బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్సీ నెహ్రూ ఫెలోషిప్ డబ్బుతో ఒక వర్క్‌షాపు పెట్టి, 1970 ప్రాంతంలో "సిజిజీ" అని తీసినాడు. దాంట్లో శబ్దమే లేదు. చుక్కలు, గీతలు, చుక్కను చుక్కను కలిపే గీతలు, పదకొండు నిముషాలు. నువ్వు అది చూసేటప్పుడు మీ అవ్వ ధనుర్మాసంలో తెల్లారుజామున వాకిట్లో ముగ్గు పెట్టేది గుర్తు చేసుకో. పూర్తయిన ముగ్గు అందరూ చూస్తారు. పెట్టేటప్పుడు నిలబడి చూసినోళ్ళకు, ఆ చెయ్యి ఏ చుక్కను వదిలి ఏ చుక్క చుట్టూ తిరిగి యాడికి వచ్చి కలుస్తాదో అని గుండె కొట్టుకులాడతాది. పదమ్సీ చూపించేది ఆ చెయ్యి తిరిగే దారినే. ఆయన అదే రోజుల్లో ఇంకోటి తీసినాడు, "ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చాంబర్". ఒక్కటే కాపీ ఉండింది, అది పోయింది. ఎన్నో ఏండ్లకు 2016లో అషీమ్ అహ్లువాలియా అనే దర్శకుడు, ముసలివాడైన పదమ్సీని కూర్చోబెట్టి, ఆ పోయిన సినిమా జ్ఞాపకం మీదనే ఇంకో సినిమా తీసినాడు.

మన సీమకు కూడా దీంట్లో ఒక చిన్న పోగు ఉంది. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనిబిసెంటమ్మ, అంతకు పదేండ్ల ముందు తన తోటి దివ్యజ్ఞాన సమాజం మనిషి లెడ్‌బీటరుతో కలిసి "థాట్ ఫార్మ్స్" అని ఒక పుస్తకం వేసింది. మనసులో కలిగే కోపానికి, ప్రేమకు, భయానికి, ఆఖరికి చర్చిలో మోగే సంగీతానికి కూడా రంగు, ఆకారం ఉంటాయని చెప్పి బొమ్మలు వేయించింది. ఆకారం దేనికీ పోలిక కాకుండా, దాని రంగుతో, దాని అంచుతో మాట చెప్పాలనే ఆలోచన అప్పటి యూరప్ చిత్రకారులకు గట్టిగా తగిలింది. వాళ్ళలో కాండిన్‌స్కీ కూడా ఆ పుస్తకం ఎరిగినోడే. ఆ గాలిలోంచే జర్మనీలో వాల్టర్ రుట్‌మన్ 1921లో "ఓపస్ 1" తీసినాడు, ఆస్కర్ ఫిషింగర్ సంగీతానికి ఆకారాలు ఆడించినాడు. ఆ రుట్‌మన్నే, కత్తిరించిన నల్ల కాగితం నీడబొమ్మలతో లోట్టె రైనిగర్ 1926లో తీసిన "ప్రిన్స్ అఖ్మద్"లో మాయలూ మంత్రాలూ వచ్చే చోట్లకు కదిలే వెలుగులు చేసి ఇచ్చినాడు. నీడబొమ్మ ఒక పక్క, ఏ పోలికా లేని వెలుగు ఒక పక్క, రెండూ ఒకే తెర మీద. నాకు అది విన్నప్పుడు మా కీచకవధ కళ్ళ ముందరకు వచ్చింది.

నువ్వు కాలేజీలో విశ్లేషణ రాయాలంటివి గదా, ఎట్లా మొదలు పెట్టాలో తెలీడం లేదంటివి. నేను పిల్లకాయలకు చెప్పినట్టే చెప్తా. మొదటిసారి ఊరికే చూడు, ఏమీ రాసుకోవద్దు. రెండోసారి శబ్దం తీసేసి చూడు. శబ్దం లేనప్పుడు యాడ చప్పబడిందో, యాడ అంతకంటే బలంగా ఉందో అదొక్కటి రాసుకో. తరవాత కళ్ళు మూసుకుని శబ్దం ఒక్కటే విను. అప్పుడు "ఏం జరిగింది" అని రాయి. "దీని భావం ఏంది" అని రాయొద్దు. ఎర్ర గుండ్రం ఎడమ పక్క నుంచి వచ్చింది, ఆగింది, చిన్నదైంది, నల్లది తగలగానే పగిలింది. ఇట్లా. తెర అంచును గమనించు. వచ్చేది అంచు దాటి వస్తా ఉందా, నడిమిలోనే పుడతా ఉందా? అంచు దాటి వస్తే బయట ఇంకా లోకం ఉందనిపిస్తాది. నడిమిలో పుడితే ఆ తెరే లోకం. ఏది మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది, వచ్చిన ప్రతిసారీ ఏం మారింది? ఆకారం కంటే నడక చూడు. తటపటాయిస్తా పోయే చుక్క వేరు, తెగించి పోయే చుక్క వేరు. ఆపైన, దేంతో చేసినారో కనుక్కో. ఫిల్ము మీద గీకినారా, కాగితం కోసినారా, మనిషినే బొమ్మ మాదిరి జరిపినారా, కంప్యూటరా? చేతికి ఏది లొంగిందో, ఏది లొంగలేదో తెలిస్తే ఆ సినిమా ఏంటికట్లా ఉందో సగం తెలుస్తాది. ఇవన్నీ కాగితం మీదికి వచ్చినాక భావం గురించి నీకు ఏదన్నా తోస్తే అప్పుడు రాయి, అప్పుడు దానికి సాక్ష్యం ఉంటాది. ఏమీ తోచకపోతే బలవంతాన పుట్టించొద్దు. గీతల సినిమా చూసి జీవితం, మరణం అని రాసేది చానా సులువు. ఏ సినిమాకైనా ఆ రెండు మాటలూ అతుకుతాయి, కాబట్టి అవి ఈ సినిమా గురించి ఏమీ చెప్పవు.

ఒరే అబ్బోడా, పొంగు వస్తా ఉంది చూడు, మంట తగ్గించు.

ఇంకొక్కటి పాపా. మీ కాలేజీ వాళ్ళందరూ కెనడా సినిమాలూ జర్మనీ సినిమాలూ చూస్తా ఉండారు, చూడాల్సిందే. దాంతో పాటు ధర్మవరం కాడ నిమ్మలకుంటకు ఒకసారి పోవాల. అక్కడి తోలుబొమ్మలాయన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. ఇప్పుడు అక్కడ తోలుతో దీపాల గుమ్మటాలు, గోడకు తగిలించే బొమ్మలు ఎక్కువ చేస్తారు, వాటికి కొనేవాళ్ళు ఉండారు, ఆటకు పిలిచేవాళ్ళు తక్కువ. మీరు గుమ్మటం కొనుక్కుని వచ్చేస్తే నాకు బాధ. ఆట ఆడించమని అడగండి, దానికి ఇవ్వాల్సింది ఇవ్వండి, కలబడే ఘట్టమే కావాలని అడగండి. సగం మంది తెర ముందర కూర్చోండి, సగం మంది వెనక. సెల్లులో తీసుకోండి. తరవాత ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేమూ ఆపి చూడు. బొమ్మ తెర మీద ఉండేది ఎన్నిట్లో, రంగు మాత్రమే మిగిలింది ఎన్నిట్లో లెక్క పెట్టు. వెనక కూర్చున్నోళ్ళు తీసిందాంట్లో అదే క్షణానికి ఆయన మణికట్టు ఎట్లా తిరిగిందో పక్కన పెట్టి పోల్చు. అట్లాంటి విశ్లేషణ ఎవురన్నా రాసినారో లేదో, నువ్వు మాత్రం రాయాల.

పాకాల నుంచి మదనపల్లె, కదిరి మీద ధర్మవరానికి రైలు దారి ఉంది. ఈ బెల్లం ఆట అయిపోనీ, నేను కూడా వస్తా. మామా, నువ్వు కూడా రావాల. తెర వెనక పక్క కూర్చుందువు.